అంచు కోయని ఫోటో

అనంతపురంలో నేను ముప్ఫై ఏళ్ళు చరిత్ర పాఠం చెప్పి రిటైరైన కాలేజీ లైబ్రరీలో ఒక గోడ ఖాళీగా ఉండేది. కెమెరా పట్టిన తొలితరం ఆడవాళ్ళ గురించి పది ఫోటోలు, కింద పది చిన్న రాతలు అక్కడ పెడదామని ప్రిన్సిపాల్‌ని అడిగాను. ఆయన సరేనన్నారు. పది ఫ్రేములూ ఒకే కొలతలో చేయించాను. తొమ్మిది నిండాయి. కెమెరా లేకుండానే నాచుమొక్కలను కాగితం మీద పరిచి ఎండతో బొమ్మలు పట్టినావిడ ఉంది. కోళ్ళగూడు ఖాళీ చేసి దాన్నే స్టూడియో చేసుకున్నావిడ ఉంది. చీరకట్టుతో సైకిలెక్కి పత్రికలకు ఫోటోలు తీసినావిడ ఉంది. పరదా దాటని ఆడవాళ్ళ కోసం పెద్ద నగరాల్లో ఆడవాళ్ళే నడిపిన స్టూడియోలూ ఉన్నాయి. అన్నీ పుస్తకాల్లోంచి తీసుకున్నవే. పదో ఫ్రేములో మాత్రం మన తెలుగు ఊళ్ళో పనిచేసిన మనిషి ఉండాలని పట్టుబట్టాను. పట్టయితే పట్టాను గానీ, ఆ మనిషి ఎవరో నాకే తెలియదు.

తెలియజెప్పింది మా కాలేజీలోనే పనిచేసే పద్మ. ఆమె పుట్టిల్లు భీమడోలు. ఒకరోజు వాళ్ళమ్మగారి పెళ్ళికి ముందు ఫోటో తెచ్చి చూపించింది. నలుపు తెలుపు ఫోటో. మామూలు ఫోటోలకన్నా వెడల్పు బాగా తక్కువ. వెనక స్టూడియోల్లో ఉండే స్తంభాల తెర లేదు, పువ్వుల దుప్పటి ఉంది.

"మా అమ్మని స్టూడియోకి పంపడం మా తాతయ్యకి ఇష్టం లేదండీ. అందుకని ఏలూరు నుంచి మెహర్ గారని ఒకావిడ ఇంటికొచ్చి తీశారు" అంది పద్మ.

ఫోటో తిప్పి చూశాను. వెనక ఊదారంగు ముద్రలో స్టూడియో పేరు, దాని కింద కరీం అని మగ పేరు. మెహర్ గారి పేరు ఎక్కడా లేదు. మర్నాడే రైలు టిక్కెట్టు కొన్నాను. తిరిగొచ్చి పది రోజులైంది. ఇంకా కాళ్ళకు కొల్లేరు బురద వాసన ఉన్నట్టే అనిపిస్తోంది.

ఏలూరు

మా వైపు ఆటో అతను "యాడికి పోవల్ల?" అంటాడు. మనం చెప్తే ఎక్కమంటాడో లేదో ముఖం చూసి తెలుసుకోవాలి. ఏలూరు స్టేషన్ బయట ఆటో అతను "నెమ్మదిగా ఎక్కండి అమ్మగారూ, సంచి నాకివ్వండి" అన్నాడు. అంత మర్యాద చూసేసరికి ఎక్కువ తీసుకుంటాడేమోనని అనుమానం వచ్చింది. తీసుకోలేదు. ఆ ఊళ్ళో నేను నేర్చుకున్న మొదటి పాఠం అది: 'అండీ' అన్నవాళ్ళందరినీ అనుమానించకూడదు.

కాలవ పక్కన చిన్న హోటల్లో ఉప్మా పెసరట్టు తిన్నాను. నలభై రూపాయలు. అల్లం పచ్చడి మళ్ళీ అడిగితే సర్వరు విసుక్కోలేదు సరికదా, "ఇంకొంచెం ఉప్మా పెట్టించమంటారా అండీ?" అన్నాడు. మా ఉగ్గాని, మిరపకాయ బజ్జీని నేను ఎవరి ముందూ తక్కువ చేయను. ఆ పూట మాత్రం వాటి ఊసు మరచిపోయాను.

స్టూడియో పేరు చెప్పి వాకబు చేస్తే మెహర్ గారి ఇల్లు, అంటే మెహరున్నీసా గారి ఇల్లు, పాత ఊళ్ళో ఒక సందు చివర దొరికింది. ఎనభై దాటిన మనిషి. సన్నగా, చిన్నగా, తల మీద కొంగుతో కిటికీ పక్క మంచం మీద కూర్చుని ఉన్నారు. మోకాళ్ళు పనిచేయవట. కోడలు షాహీన్ ఇంట్లోనే కుట్టుమిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. నేను వచ్చిన పని చెప్పాను. గోడ గురించి చెప్పాను. పది ఫ్రేముల గురించి చెప్పాను. ఆవిడ అంతా విని నవ్వారు.

"నేనేం ఫొటోగ్రాఫర్నండీ? ఫొటోగ్రాఫర్ మా ఆయన. నేను నొక్కేదాన్నంతే."

ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పిన నోరు ఊరుకుంటుందా? ఆడవాళ్ళ పని మగవాళ్ళ పేరు మీద ఎలా చెలామణీ అయిందో, చరిత్ర ఎలా మూగబోయిందో పావుగంట చెప్పాను. ఆవిడ ఎక్కడా అడ్డు రాలేదు. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, "టీ చల్లారిపోతోందండీ" అన్నారు.

కప్పు అందిస్తున్నప్పుడు చూశాను. ఆవిడ ఎడమచేతి ఉంగరపు వేలు పై కణుపు దగ్గర బయటికి వంగి ఉంది. నా చూపు కనిపెట్టి ఆవిడే చెప్పారు.

"మా పుట్టింట్లో తివాచీలు నేసేవాళ్ళమండీ. ముడి వెయ్యగానే కత్తితో ఉన్ని కోసెయ్యాలి. పదేళ్ళప్పుడు ఉన్నితోపాటు వేలూ కోసుకున్నాను. అతుక్కుంది గానీ ఇలా వంకరగా అతుక్కుంది."

ఫోటో తీయడం గురించి అడిగితే మాత్రం మొదట మొహమాటపడ్డారు. షాహీన్ "చెప్పండత్తమ్మా, అంత దూరం నుంచి వచ్చారు" అనేసరికి మొదలుపెట్టారు. మొదలుపెట్టాక ఆపలేదు.

"మా కెమెరాలో పైనుంచి కిందకి చూడాలండీ. పొట్ట దగ్గర పెట్టుకుని మెడ వంచాలి. ఎదుటి మనిషికి మన నడినెత్తే కనపడుద్ది. మగవాళ్ళే కాదు, ఆడవాళ్ళు చూసినా కొంతమందికి బెరుకేనండీ. నేను తల వంచేసరికి వాళ్ళు తల ఎత్తేవారు."

కెమెరాను కూరగాయల సంచిలో పెట్టి, పైన తోటకూర కట్ట వేసుకుని బస్సెక్కేవారట. స్టూడియో తెర మోసుకెళ్ళడం కుదరదు. అందుకని ఏ ఇంటికి వెళ్ళినా "మీ ఇంట్లో మంచి దుప్పటి ఒకటివ్వండమ్మా, పట్టుకోడానికి ఇద్దరు రండి" అనేవారట. ఇంటివాళ్ళు అటొకరు ఇటొకరు దుప్పటి పట్టుకుంటే, దాని ముందు పెరటి వెలుతుర్లో ఫోటో.

"పట్టుకున్నవాళ్ళ వేళ్ళు అటూ ఇటూ పడేవండీ. మా ఆయనకి అది నచ్చేది కాదు. ఫోటోలో ఉన్నవాళ్ళే ఉండాలి, లేనివాళ్ళ వేళ్ళెందుకు అనేవారు. ప్రింటు వేశాక రెండంచులూ కోసేసేవారు."

పద్మ వాళ్ళమ్మగారి ఫోటో ఎందుకంత సన్నగా ఉందో అప్పుడర్థమైంది. రైల్లో దాని మీద నేను అల్లుకున్న పెద్ద పెద్ద సిద్ధాంతాలు అక్కడితో సరి.

"ఆ ఫోటోలేవీ మీ దగ్గర లేవా?"

షాహీన్ అటక మీంచి బిస్కెట్ల డబ్బా దించింది. లోపల బెల్లపు అచ్చంత నల్లటి ముద్ద. అవి నెగెటివ్‌లు. ఓ ఏడు ఊరి పక్క తమ్మిలేరు పొంగి నీళ్ళు స్టూడియోలోకి వచ్చి, అవి తడిసి, ఒకదానికొకటి అతుక్కుపోయాయట. విడదీయబోతే బొమ్మ ఊడి వస్తుంది. పనికిరాని ఆ ముద్దను ఇన్నేళ్ళు దాచుకున్నారు. నేను దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాను. అందులో ఎంతమంది ఆడవాళ్ళు ఉన్నారో ఇక ఎవరికీ తెలియదు.

నా పట్టు నేను వదల్లేదు. ఎవరింట్లోనైనా ఉన్న ఫోటో ఒకటి తెచ్చి, కింద మీ పేరు రాసి గోడకు పెడతానన్నాను. ఆవిడ ముఖంలో నవ్వు పోయింది.

"ఆయన పేరు చెరిపి నా పేరు రాస్తారా? వద్దండీ. నీళ్ళలో అంతా పోయింది. ఆయనా పోయారు. ఆయనది మిగిలింది ఆ ముద్రొక్కటే. నొక్కింది నేనే, కాదన్ను. తీసింది మాత్రం ఆయనే. ఫిల్మ్ ఎక్కించింది ఆయన, కడిగింది ఆయన, ప్రింటేసింది ఆయన."

సంచి భుజాన వేసుకున్నాను. లేచి వస్తుంటే వెనక్కి పిలిచారు.

"మీరెలాగూ తిరుగుతున్నారు కదా. గూడెంలో అన్నపూర్ణ గారింట్లో ఒకటుంది. కొల్లేరు లంకలో నాగమణి అని ఉండాలి. వాళ్ళత్తగారిని తీశాను. నేను తీసినవాళ్ళందరూ బిగుసుకుని కూర్చున్నవాళ్ళేనండీ. ఆ ముసలమ్మొక్కతే నవ్వింది. ఆ ఫోటో ప్రింటు ఇంకా తడిగా ఉండగా ఒక్కసారి చూశాను. మళ్ళీ చూడాలని ఉంది. అది చూపించండి. పేరు సంగతి అప్పుడు మాట్లాడుకుందాం."

'తీశాను' అన్నారు, గమనించాను. ఈసారి పాఠం చెప్పకుండా నోరు మూసుకున్నాను.

భీమడోలులో జామకాయలు

రెండో రోజు పొద్దున పాసింజరు రైల్లో గూడెం బయల్దేరాను. తాడేపల్లిగూడెం అని పూర్తిగా పలికేది టిక్కెట్టు కౌంటరు దగ్గర నేనొక్కదాన్నే. కిటికీలోంచి రెండువైపులా వరి. మా వైపు ఇంత నీళ్ళు ఒకచోట కనిపిస్తే జనం బండ్లు ఆపి చూస్తారు.

భీమడోలులో రైలు ఆగింది. ప్లాట్‌ఫారం మీద జామకాయలు దోరగా, నోరూరించేలా ఉన్నాయి. దిగి బేరమాడాను. ఇరవైకి మూడంది అమ్మే ఆవిడ. నేను నాలుగన్నాను. ఆ నాలుగో కాయ కోసం వాదిస్తుంటే రైలు కదిలింది. భుజాన సంచి ఉంది గానీ, శాలువా సీటు మీదే ఉండిపోయింది.

"ఒక్క కాయ కోసం రైలు పోగొట్టుకున్నారా అమ్మగారూ!" అని ఆవిడ బుగ్గలు నొక్కుకుంది. "ఇంద, తీసుకోండి నాలుగోది. రోడ్డు మీదకెళ్తే గూడెం బస్సొస్తుంది. కంగారు పడకండి."

బల్ల మీద నాకింత చోటిచ్చి కూర్చోబెట్టి, కాయ కోసి ఉప్పుకారం అద్దిచ్చింది. ఎందుకొచ్చారని అడిగితే, ఆడవాళ్ళు తీసిన ఫోటోల కోసమని చెప్పాను. ఆవిడ కత్తి పక్కన పెట్టింది.

"నాదొక్కటే ఫోటో ఉందండీ, ఆధార్ కార్డులోది. దొంగతనం చేసి దొరికిపోయినట్టుంటాను."

ఇద్దరం బాగా నవ్వుకున్నాం. నా ఫోన్‌తో ఆవిడ ఫోటో తీస్తానన్నాను. జామకాయల బుట్ట సర్దుకుని, కొంగు సర్దుకుని, కెమెరా వైపు చూడగానే ముఖం మళ్ళీ ఆధార్ కార్డే అయింది. మెహర్ గారు తల ఎందుకు వంచేవారో అప్పుడు నాకు బాగా తెలిసొచ్చింది.

గూడెం

బస్సు దిగగానే ఉల్లిపాయల వాసన. ఇక్కడి ఉల్లి మార్కెట్ పెద్దదట. లారీలు, గోతాలు, గాలికి ఎగిరే ఎర్రటి పొట్టు. అన్నపూర్ణ గారిల్లు ఎక్కడని అడిగితే గోతాల మీద కూర్చున్న పెద్దాయన లేచి నిలబడి మరీ దారి చెప్పారు.

అన్నపూర్ణ గారి భర్త పురోహితులు. పెళ్ళి చేయించడానికి అత్తిలి వెళ్ళారు. ఆవిడ డెబ్బై దాటినా వంటింట్లోంచి నడవాలోకి పరుగులాంటి నడకతో వస్తారు. పరిచయమైన పది నిమిషాలకు దిబ్బరొట్టె పెట్టారు. మూకుట్లో మూతపెట్టి కాల్చిన మినపరొట్టె, పైన కరకర, లోపల మెత్తన, పక్కన బెల్లం పాకం. ఇంత మందాన ఉన్న రొట్టెను మా వైపు రొట్టె అనరు. నేను రెండో ముక్క అడగకుండానే వేశారు. మూడో ముక్క నేనే అడిగాను.

గోడ మీది ఫోటోలో వాళ్ళ అత్తగారు. సన్నటి ఫోటో. వెనక గళ్ళ దుప్పటి.

"మా అత్తగారికి మడండీ. మెహర్ గారు పెరట్లోనే ఉండి తీశారు. స్టూడియోల్లో గడ్డం కింద వేలు పెట్టి ముఖం ఎత్తుతారు కదా, మా అత్తగారికి అదే భయం. మెహర్ గారు దగ్గరికే రాలేదు. తన గడ్డం కాస్త దించి చూపించారు. మా అత్తగారూ దించారు. తన భుజం సర్దుకున్నారు, ఈవిడా సర్దుకున్నారు. మాటే లేదు. నేను దుప్పటి వెనక నుంచి తొంగి చూశాను."

"దుప్పటి పట్టింది మీరా?"

"నేనేనండీ, ఈ పక్కన. నా నాలుగు వేళ్ళూ ఉండాలి ఇందులో. కరీం గారు కోసేశారు."

మరి ఈ ఫోటో ఎవరు తీసినట్టు అని అడిగాను. అన్నపూర్ణ గారు నన్ను జాలిగా చూశారు.

"ఇంకెవరండీ, ఆవిడే. ముద్ర కరీం గారిది. బియ్యం బస్తా మీద మిల్లు పేరుంటుంది గానీ, పొలంలో నాట్లు ఊడ్చినవాళ్ళ పేరుంటుందా?"

నేను పావుగంట చెప్పిన పాఠాన్ని ఆవిడ ఒక్క బస్తాతో తేల్చేశారు. అయితే ఆ మాట మెహర్ గారు ఒప్పుకోవాలి కదా. సన్నటి ఫోటో ఎన్ని తెచ్చినా, వాటి వెనక ఆ ముద్ర ఉంటుంది, ఆవిడ మాట మారదు.

కొల్లేరు

మూడో రోజు ఏలూరు వచ్చి, కైకలూరు రోడ్డులో కొంత దూరం బస్సు, తర్వాత ఆటో, ఆ తర్వాత దోనె. ముందురోజు షాహీన్ ఎవరెవరికో ఫోన్లు చేసి కబురు పెట్టింది కాబట్టి నాగమణి గారి కొడుకు గట్టు దగ్గరే నిలబడి ఉన్నాడు. దోనె అంటే తాటిమానును తొలిచి చేసిన సన్నటి పడవ. ఎక్కేటప్పుడు "మధ్యలో కాలు పెట్టండి" అన్నాడు అతను. నేను అంచు మీద పెట్టాను. మోకాలి దాకా బురదలోకి దిగిపోయాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని క్లాసులో ఎంతమందికి చెప్పానో. చెప్పు ఒకటి ఇప్పటికీ అక్కడే ఉంది.

నీళ్ళ మీద గూడబాతులు బరువుగా, ఏ తొందరా లేకుండా కూర్చుని ఉన్నాయి. మేము దగ్గరికి వెళ్ళినా కదల్లేదు. మధ్య మధ్య చేపల చెరువుల గట్లు, వాటి మీద వరసగా కొంగలు. ఎండ అప్పుడే వేడెక్కుతోంది. గాలి మాత్రం ఆగకుండా వీస్తోంది. ఆ గాలిని గుర్తుపెట్టుకోండి.

నాగమణి గారికి డెబ్బై ఉంటాయి. నల్లగా, గట్టిగా ఉన్న మనిషి. నా కాలు చూసి మొదట చెంబుతో నీళ్ళిచ్చి, తర్వాత పలకరించారు. ముందు భోజనం అన్నారు. కొరమీను పులుసు. మా ఊళ్ళో చేప అంటే ఆదివారం ఐసు పెట్టెలో వచ్చేది. ఇక్కడ పొద్దున నీళ్ళలో ఉన్నది మధ్యాహ్నం కంచంలోకి వచ్చింది. ఆత్రంగా తిన్నాను, ముల్లు గొంతులో దిగింది. నాగమణి గారు ఏమాత్రం కంగారుపడకుండా పెద్ద అన్నం ముద్ద చేసి, "నమలకండి, మింగేయండి" అన్నారు. మింగాను, పోయింది.

చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళాం. గోడ మీద ఫోటో, ప్లాస్టిక్ పూల దండ. నులకమంచం మీద ముసలమ్మ. జుట్టు చెదిరి ఉంది. నోట్లో పళ్ళు రెండో మూడో ఉన్నాయి. నోరంతా తెరిచి నవ్వుతోంది. చూస్తున్న నాకూ నవ్వొచ్చింది.

"దండ వేసిన ఫోటోలో ఈ నవ్వేంటని చుట్టాలు అనేవారండీ. మా ఆయన మాత్రం ఇదే ఉండాలన్నారు. మా అత్త ఇలాగే ఉండేది."

నా సంతోషం ఎక్కువసేపు నిలవలేదు. ఫోటో సన్నగా లేదు. మామూలు వెడల్పుతో ఉంది. వెనక దుప్పటైతే ఉంది గానీ, అంచు కోసినట్టు లేదు. ఇది మెహర్ గారిది కాదేమో, కరీం గారే వచ్చి తీశారేమో అనిపించింది. రైలు పోయినప్పుడు కూడా ఇంత దిగులు పడలేదు.

సరే, వచ్చినందుకు ఫోన్‌లో తీసుకుందామనుకున్నాను. అద్దం మీద తలుపు వెలుతురు పడి ముసలమ్మ ముఖం కనపడటం లేదు. నాగమణి గారు దండ తీసి, ఫ్రేము దించి, కొంగుతో తుడిచారు. అయినా అంతే. కొడుకు వెనక మేకులు లాగి ఫోటోను మెల్లగా బయటికి తీశాడు. ఫ్రేము చెక్క కింద ఇన్నేళ్ళూ దాగి ఉన్న అంచులు బయటపడ్డాయి.

ఎడమ అంచున దుప్పటి పట్టుకున్న మోటు వేళ్ళు, మగమనిషివి. కుడి అంచున సన్నటి నాలుగు వేళ్ళు. అందులో ఉంగరపు వేలు పై కణుపు దగ్గర బయటికి వంగి ఉంది.

"ఈ వేళ్ళెవరివండీ?" అని అడిగాను.

"అటు పక్కవి మా ఆయనవి. ఇటు పక్కవి మెహర్ గారివే కదండీ" అన్నారు నాగమణి గారు, అదేదో ఊరందరికీ తెలిసిన సంగతైనట్టు.

"మరి ఫోటో ఎవరు తీశారు?"

"ఆవిడే."

"దుప్పటి పట్టుకుని ఎలా తీస్తారమ్మా?"

నాగమణి గారు కింద కూర్చుని చెప్పారు. అప్పటికి అత్తగారు మంచాన పడి ఉంది. పోయేలోపు ఒక్క ఫోటో కావాలని ఆమె కొడుకు, అంటే నాగమణి గారి భర్త ఆశ. జుట్టు విరబోసుకుని మగవాడి ముందు కూర్చోనని ముసలమ్మ మొండికేసింది. అందుకని మెహర్ గారు ఏలూరు నుంచి దోనె మీద వచ్చారు. ఊళ్ళోవాళ్ళంతా చేపల పట్టుబడికి వెళ్ళారు. దుప్పటి ఒక పక్క కొడుకు, ఇంకో పక్క నాగమణి పట్టుకున్నారు. నాగమణికి ఎనిమిదో నెల. గాలి దుప్పటిని తెరచాపలా లాగేస్తోంది. ఆమె రెండుసార్లు తూలింది.

"మెహర్ గారికి కోపం వచ్చిందండీ. కెమెరాని మూడుకాళ్ళ స్టాండు మీద నిలబెట్టి, అన్నీ సరిచూసి, నన్ను దాని దగ్గర కూర్చోబెట్టారు. 'నేను నొక్కమన్నప్పుడు ఇక్కడ నొక్కు, దేన్నీ కదపకు' అన్నారు. తనొచ్చి దుప్పటి పట్టుకున్నారు. గాలికి దుప్పటి ఆవిడ నెత్తి మీద పడింది. తీసుకున్నారు, మళ్ళీ పడింది. దాని లోపల్నుంచే 'నొక్కు నొక్కు' అని అరిచారు. మా అత్త వెనక్కి తిరిగి చూసి పగలబడి నవ్వింది. ఇటు తిరిగేసరికి నేను నొక్కేశాను."

"అయితే ఈ ఫోటో తీసింది మీరే కదా?" అన్నాను కావాలనే.

"అయ్యో, నేనెక్కడండీ! నేను నొక్కానంతే. తీసింది ఆవిడే."

దోనె మీద తిరిగి వస్తూ ఆ మాటే పదే పదే అనుకున్నాను. ఏలూరులో మంచం మీద కూర్చున్న ఆవిడకు నేను చెప్పలేకపోయిన జవాబు ఇక్కడ దొరికింది. నాగమణి గారి కొడుకు దోనె నడుపుతూ, "ఆ ఫోటోలో నేనూ ఉన్నట్టేనండీ, మా అమ్మ కడుపులో" అన్నాడు. కెమెరా ఇవతలి పక్క కదా బాబూ అన్నాను. "ఏ పక్కైతే ఏంటండీ" అన్నాడు.

మళ్ళీ ఏలూరు

నాలుగో రోజు పొద్దున్నే ఒంటి చెప్పుతోనే మెహర్ గారింటికి వెళ్ళాను. షాహీన్ తన పాత చెప్పులిచ్చింది. ఫోన్‌లో ఫోటో తెరిచి ఆవిడ చేతికిచ్చాను.

ఆవిడ ముసలమ్మను చూశారు. "ఇదేనండీ, ఇదే నవ్వు!" అని కళ్ళజోడు సర్దుకున్నారు. షాహీన్ రెండు వేళ్ళతో బొమ్మ పెద్దది చేసింది. ముసలమ్మ పళ్ళు, మంచం నులక, దుప్పటి మడత, అన్నీ ఒక్కొక్కటిగా చూసుకుంటూ ఆవిడ చూపు కుడి అంచుకు వచ్చింది. అక్కడ ఆగిపోయింది. తన ఎడమచేయి ఫోన్ పక్కన పెట్టుకుని చూసుకున్నారు.

"నా వేలేనండీ ఇది" అన్నారు మెల్లగా. ఆ వేలు తడుముకుంటూ, "దుప్పటి నా నెత్తి మీద పడింది. అవును. మర్చేపోయాను" అన్నారు.

నాగమణి గారు చెప్పిందంతా చెప్పాను. 'నేను నొక్కానంతే, తీసింది ఆవిడే' అన్న మాట అన్నది అన్నట్టు చెప్పాను.

"నొక్కినవాళ్ళది కాదని మీరే అన్నారు. ఇక్కడ నొక్కింది ఆమె. మరి తీసింది ఎవరండీ?" అన్నాను. ఈసారి అంతకుమించి పాఠం చెప్పలేదు.

ఆవిడ నా మాట విన్నారో లేదో. అంచునే చూస్తున్నారు.

"ఆయన కొయ్యలేదు చూశారా" అన్నారు. "ఎంతమంది వేళ్ళు కోసేశారో. లేనివాళ్ళ వేళ్ళెందుకనేవారు. ఇది కొయ్యలేదు. నా వేలని తెలిసే ఉంటుంది కదండీ. నాకు చెప్పనైనా లేదు."

కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. ఏడుస్తున్నారనుకుని నేను కంగారుపడ్డాను. చూస్తే నవ్వుతున్నారు, రెండూ కలిసి వస్తున్నాయి. షాహీన్ కుట్టుమిషన్ ఆపి వచ్చి ఆవిడ పక్కన కూర్చుంది. నాకూ కళ్ళు చెమర్చాయి. కోడలు టీ పెట్టబోతే ఆవిడే వద్దని, "పలావు చెయ్యి, మేడం గారు భోంచేసి వెళ్తారు" అన్నారు.

భోజనాలయ్యాక కాగితం, పెన్ను తెమ్మన్నారు. గోడ మీద ఏం రాయాలో తనే చెప్తానన్నారు.

"కడిగి ప్రింటేసింది కరీం గారని రాయండి. ఆయన పేరు ఉండాలి. నొక్కింది నాగమణి. దుప్పటి అటు పక్క పట్టింది వాళ్ళాయన. ఎవర్నీ కొయ్యకండి."

రాశాను. "మరి మీది?" అన్నాను.

"తీసింది మెహరున్నీసా" అన్నారు ఆవిడ, పూర్తి పేరుతో. నేను ఆ వాక్యాన్ని చివర రాయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపారు. వంకర వేలుతో కాగితం పై భాగం చూపించారు.

"అక్కడ కాదండీ. ముందు నాది రాయండి."

అనంతపురం

పదో ఫ్రేము అప్పటికే సిద్ధంగా ఉంది కదా, మిగతా తొమ్మిదింటి కొలతలోనే. ఫోటో ప్రింటు వేయించి తీసుకెళ్తే ఫ్రేములబ్బాయి కొలిచి చూసి, రెండు పక్కలా ఎక్కువుందన్నాడు.

"ఈ చేతి యేళ్ళు కట్ చేస్తే కరెక్టుగా సరిపోతుంది మేడం. ఎట్లాగూ ఆ మనుషులు ఫోటోలో లేరు కదా."

కత్తెర పక్కన పెట్టి, ఫ్రేమే వెడల్పుగా మళ్ళీ చేయమన్నాను. గోడ మీద తొమ్మిది ఫ్రేములు ఒక కొలత, పదోది ఒక కొలత. వరస చెడిందని ప్రిన్సిపాల్ గారు రోజూ అంటున్నారు. చెడనివ్వండి.